రెండు దుకాణాల పులిమేక

ఉప్మా మీద మూత పెట్టి సుమిత్ర కంప్యూటర్ ముందుకు వచ్చింది. ఇస్నాపూర్‌లో ఆ వీధికంతటికీ నెట్ ఉన్న ఇల్లు వాళ్ళదొక్కటే. రోజూ పొద్దున్నే మెయిల్ చూసుకోవడం ఆమెకు అలవాటు.

ఆ రోజు వచ్చిన మెయిల్‌ను రెండుసార్లు చదివింది. "మీ అంగీకారం అందింది. ఒప్పందం పంపుతున్నాం, సంతకం చేసి పంపండి. ఈలోగా మీ ఆటను పాత దుకాణం నుంచి తీయించేయండి."

సుమిత్ర ఎవరికీ ఏ అంగీకారమూ పంపలేదు.

పటాన్‌చెరులో కంప్యూటర్ పాఠాలు చెబుతూ, రెండేళ్ళు కష్టపడి ఆమె చేసిన ఆట అది. అత్త పోశమ్మ అరుగు మీద సుద్దముక్కతో గీసి, కిరాయిదార్ల ఆడవాళ్ళతో ఆడే పులిమేకనే కంప్యూటర్లోకి ఎక్కించింది. పులి మేకను పట్టినప్పుడల్లా "అయ్యో, పాయె!" అనే గొంతు కూడా పోశమ్మదే. ఇంటర్నెట్‌లో ఆటలమ్మే ఒక చిన్న విదేశీ దుకాణం దాన్ని మొదట తీసుకుంది. సుమిత్రకు పేరు పలకడం కూడా రాని దూరదేశాల ఊళ్ళవాళ్ళు కొనుక్కుని ఉత్తరాలు రాస్తున్నారు.

2008 వచ్చేసరికి అలాంటి దుకాణాల మధ్య పోటీ ముదిరింది. ఒకరు ధర తగ్గిస్తే ఇంకొకరు అంతకన్నా తగ్గించేవారు. పక్కవాడి దగ్గర లేని ఆట తమ దగ్గర ఉండాలని అందరికీ ఆరాటమే. ఆ ఆరాటంలోనే ఒక పెద్ద దుకాణం సుమిత్రను వెతుక్కుంటూ వచ్చింది. ముందే పెద్ద మొత్తం ఇస్తామంది. కానీ ఐదేళ్ళ పాటు ఈ ఆటే కాదు, ఆమె చేసే ప్రతి ఆటా వాళ్ళ దగ్గరే ఉండాలి. ఆలోచించి చెబుతానని ఇంట్లో చెప్పి వారమైంది.

ఫ్యాక్టరీలో రాత్రి షిఫ్టు దిగి భర్త కిష్టప్ప లోపలికి వచ్చాడు.

"ఆ పెద్ద దుకాణానికి మెయిల్ పంపింది నువ్వేనా?"

బూటు విప్పుతున్న చెయ్యి ఆగింది. "అవు, నేనే పంపిన. నువ్వు సోంచాయించుకుంట కూసుంటే వాళ్ళు ఇంకొకల్ని సూసుకోరా?"

"నా పేరు పెట్టి పంపినవ్."

"నీ పేరు, నా పేరు వేరేనా? గంత పెద్దోళ్ళు పిలిస్తే గిట్ల బెట్టు జేస్తరా ఎవరన్న? ఆ చిన్నోడు రేపు దుకాణం మూస్తే ఏం జేస్తవ్?"

"అందుకే ఇద్దరి దగ్గర ఉండాలంటున్న. చిన్నోడు మూస్తే పెద్దోడుంటడు. ఒక్కని దగ్గరనే పెట్టినంక, వాడు మన ఆటను మూలకు పడేస్తే? తీసి ఇంకో దగ్గర పెట్టే హక్కు గూడ మనకు ఉండది."

"నాకు గవన్ని తెల్వది!" కిష్టప్ప గొంతు లేచింది. "ఆ ప్లాంటుల ఇంకెన్నేండ్లు చెయ్యాలె నేను? పైసలొస్తె బయట పడ్త. గంతే!"

అరుగు మీద నుంచి పోశమ్మ లేచి గుమ్మంలోకి వచ్చింది. సుమిత్ర మాత్రం గొంతు పెంచలేదు.

"ఎందుకు బయట పడలేకపోతున్నవో నువ్వే చెప్పు. పదకొండేండ్ల సంది ఒక్క కాంట్రాక్టర్ కిందనే చేస్తున్నవ్. పోయినేడు ఇంకో కంపెనీ పిలిస్తే, పని చేసినట్టు కాయిదం ఇయ్యనన్నడు. 'నా దగ్గర గాక ఇంకెక్కడ జేస్తవ్' అన్నడు. ఆ పూట నువ్వు బువ్వ ముట్టలే. నన్ను గట్లనే ఒకనికి కట్టేసి, నువ్వు బయట పడ్తవా?"

ఒక కాలికి బూటు అలాగే ఉంది. కిష్టప్ప గోడకు ఆనుకుని కూలబడ్డాడు. పదకొండేళ్ళలో ఎవరి ముందూ కారని కన్నీళ్ళు తల్లి ముందు, భార్య ముందు జలజలా కారాయి.

"తప్పు జేస్తివి కొడుకా," అంది పోశమ్మ మెల్లగా. "పిల్ల కండ్లు గుంజంగ కూసోని చేసింది. అడగకుండ ఎట్ల ఒప్పుకుంటివిరా?"

"బయట పడాలె, బయట పడాలె అనే యావల, దీన్ని లోపలికి నూకుతున్ననని సమజ్ గాలేదమ్మా."

ఆ మాటకు సుమిత్ర మనసు కరిగిపోయింది. ఇతను ఇంతగా ఊపిరాడక ఉన్నాడని తనకు మాత్రం ఏం తెలుసు? ఒకే ఇంట్లో ఉంటూ, తన భయమేమిటో తాను చెప్పలేదు, అతని గోసేమిటో తాను అడగలేదు. వచ్చి అతని పక్కనే నేల మీద కూర్చుంది.

"నాది గూడ తప్పే. సోంచాయిస్త అన్న గని, ఏం సోంచాయిస్తున్ననో నీకు చెప్పలే."

కిష్టప్ప కళ్ళు తుడుచుకుని లేచాడు. "జవాబు నేనే కొడ్త. ముందు పంపింది నేనే గద. నువ్వు చెప్పు."

ఆమె చెబుతుంటే ఇంగ్లీషులో, రెండు వేళ్ళతో అక్షరం అక్షరం వెతుక్కుంటూ కొట్టాడు. 'ముందటి మెయిల్ నా భార్యను అడగకుండా నేను పంపాను. ఆట ఆమెది. అది మీ దుకాణంలోనూ ఉంటుంది, వేరే దుకాణంలోనూ ఉంటుంది. రెండు చోట్లా ఒకటే ధర. మా పని మీకు నచ్చితే తీసుకోండి. మేము మాత్రం ఎవరికీ కట్టుబడి ఉండం.'

"వాళ్ళు ఒప్పుకోకుంటే?" అన్నాడు చివర్లో.

"ఉన్న దుకాణం ఎటూ పోదు. నచ్చిన సరుకు ఎదుటి దుకాణంల కనపడ్తుంటే వాళ్ళే ఆగలేరు, సూడు."

తొమ్మిది రోజులు ఏ జవాబూ లేదు. సుమిత్ర మెయిల్ తెరవడం, కిష్టప్ప ముఖం చూడటం, ఇద్దరూ నవ్వుకుని ఎవరి పనికి వాళ్ళు పోవడం. పదో రోజు వచ్చింది. ముందు ఇస్తామన్న మొత్తం ఇవ్వరట. కానీ ఆమె షరతులన్నీ ఒప్పుకుని, ఆటను పెట్టుకుంటారట.

ఆ కబురు చెబుదామని ఎదురు చూస్తుంటే, ఆ రోజు కిష్టప్ప మధ్యాహ్నం దాటాక వచ్చాడు. జేబులోంచి మడిచిన కాగితం తీసి ఆమె చేతిలో పెట్టాడు. పదకొండేళ్ళు పని చేసినట్టు కాంట్రాక్టర్ సంతకం పెట్టి ఇచ్చిన కాగితం.

"ఎట్లిచ్చిండు?"

"పొద్దుగాల్నించి ఆయన ఆఫీసు ముంగటనే నిలబడ్డ. ఇస్తవా, లేబర్ ఆఫీసుకు పోవాల్నా అన్న. ఇంకా ఏమేమో అన్న."

"ఏమన్నవ్?"

కిష్టప్ప కొంచెం సిగ్గుపడ్డాడు. "నువ్వు చెప్తే ఇంగ్లీషుల కొట్టిన గద, గవే మాటలు తెలుగుల జెప్పిన. నా పని నచ్చితే ఉంచుకో, నేను మాత్రం ఎవరికీ కట్టుబడి ఉండ అని."

సుమిత్ర పకపకా నవ్వింది. నవ్వుతూనే, కాగితం తడవకుండా పక్కకు పట్టుకుని, కొంగుతో కళ్ళు ఒత్తుకుంది.