పది గంటల అంకె

ఆ ఉదయం కాటాల షాపు షావుకారుకు చేతిలో ఉన్నవి ఇంతే. భార్యను చూడటానికి పూటకో అరగంట, తొమ్మిది రోజుల అంకెలు రాసుకున్న ఒక చిన్న పుస్తకం, రేపటితో సెలవు అయిపోయి వెళ్ళిపోబోయే కూతురు.

మేడమెట్ల మీద కాలు జారి తలకు పెద్ద దెబ్బ తగిలిన భార్య పది రోజులుగా ఐసీయూలో మందుల నిద్రలో ఉంది. పుర్రెకు చిన్న రంధ్రం చేసి లోపలికి సన్నని తీగ పంపారు. మెదడు మీద ఒత్తిడి ఎంతుందో ఆ తీగ తెర మీద అంకెగా చూపిస్తుంది. పదిహేను లోపుంటే మంచిది, ఇరవై దాటితే జాగ్రత్త పడాలి అని డాక్టరు చెప్పిన రోజే షావుకారు పుస్తకం తెరిచాడు. ముప్ఫై ఏళ్ళుగా త్రాసులూ కాటాలూ అమ్మిన మనిషి. మనుషుల కన్నా అంకెల మీదే ఆయనకు గురి.

లోపలికి ఒక్కొక్కరినే పంపుతారు. పదింటికి కూతురు, పదింపావుకు తండ్రి. కూతురు తల్లి చెయ్యి పట్టుకుని కబుర్లు చెబుతుంటే ఆయన అద్దంలోంచి తెర చూసి రాసుకునేవాడు. ఇరవై, పందొమ్మిది, ఇరవై ఒకటి. తన వంతులో నోరు మెదపకుండా నిలబడితే పద్నాలుగు, పదమూడు. తొమ్మిది రోజులూ అదే వరస.

"ఈ పూట నువ్వు రాకు" అన్నాడు చెప్పులు వేసుకుంటూ.

కూతురు టీ గ్లాసు కింద పెట్టింది. "ఏం, ఎందుకని?"

"నువ్వు మాట్లాడితే అంకె పెరుగుతోంది. ఇదిగో, చూసుకో."

ఆమె పుస్తకం వైపు చూడలేదు. "రేపు బండెక్కి పోతున్నాను నాన్నా. మళ్ళీ ఎప్పటికి వస్తానో! మొక్కలకి నీళ్ళు పోశాననీ, మా బడి పిల్లలకి పరీక్షలు పెట్టి వచ్చాననీ చెప్పుకుంటే అమ్మకి జబ్బు ఎక్కువవుతుందా?"

"నేనన్నానా? లెక్క చెబుతోంది."

"లెక్కట! అయితే నీ మౌనం మందు, నా మాట విషం. అంతేగా?" అంది కూతురు. "నువ్వు అమ్మతో ఎప్పుడు మాట్లాడావు గనక? 'తాళాలేవీ', 'లైటు ఆపు'. ఈ రెండు ముక్కలేగా! ఇప్పుడు ఆవిడ చుట్టూ ఆపాటి మాట కూడా లేకుండా చేస్తున్నావు."

"నీకు అమ్మ బతకడం ముఖ్యమా, నీ కబుర్లు ముఖ్యమా?"

ఆ మాట నోరు జారాక గానీ దాని బరువు ఆయనకు తెలియలేదు. కూతురు లేచి గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది.

ఆయన ఒక్కడే వెళ్ళాడు. దారిలో ఇద్దరు ఖాతాదారులు పలకరించారు. ఇద్దరికీ బాగానే ఉందని చెప్పాడు. సరిగ్గా పదింటికి మంచం పక్కన పెదవి బిగించి నిలబడి, తెర వైపు చూశాడు.

ఇరవై ఒకటి.

దగ్గలేదు, కదల్లేదు, ఊపిరి కూడా ఆచితూచి వదిలాడు. అయినా ఇరవై ఒకటే. పక్క మంచం దగ్గరున్న పెద్ద నర్సును సైగ చేసి పిలిచాడు.

"సిస్టరమ్మా, మీ మిషన్ పాడైంది. నేనసలు నోరే తెరవలేదు."

"మిషన్ బాగానే ఉంది అన్నయ్య గారూ. ఇప్పుడే అమ్మగారిని పక్కకి తిప్పాం, ఊపిరి గొట్టంలో కఫం తీశాం. అలా చేసినప్పుడు ఒత్తిడి కాస్త పెరుగుతుంది. కాసేపట్లో దానంతటదే దిగుతుంది. పైనే నిలబడిపోతేనే మాకు కంగారు."

"రోజూ ఇదే వేళకా?"

"మీరొచ్చే ముందు రెండు పూటలా అదే పని. మీవాళ్ళు శుభ్రంగా కనబడాలి కదా!" అని నవ్వింది. "అన్నట్టు, పాపేదీ? ఆ పిల్ల మాట్లాడుతుంటే మా అందరికీ కాలక్షేపం."

పళ్ళెంలో సరుకు పడగానే ముల్లు ఊగుతుంది, అది ఆగేదాకా అంకె చదవకండి అని కొన్న ప్రతివాడికీ చెప్పే మనిషి తాను. తొమ్మిది రోజులుగా ఊగుతున్న ముల్లునే చదివి, ఆ తప్పును కూతురి మీద రాశాడు. నిలకడగా ఉన్న ముల్లును తన ఖాతాలో వేసుకున్నాడు.

ఇంటికి వచ్చేసరికి కూతురు బట్టలు సర్దుకుంటోంది. ఆయన గుమ్మంలోనే నిలబడిపోయాడు.

"నేను తప్పు తూచానమ్మా" అన్నాడు. నర్సు చెప్పిందంతా చెప్పాడు. "నీ గొంతు వల్ల కాదు. ఎప్పుడూ కాదు."

ఆమె చీర మడత పెడుతూనే ఉంది. "మరి ఉదయం నువ్వన్న మాట?"

"అది... అంతకన్నా పెద్ద తప్పు."

ఆమె తలెత్తింది. "సాయంత్రం నువ్వు కూడా మాట్లాడాలి. అయితేనే వస్తా."

సాయంత్రం పెద్ద నర్సు ఇద్దరినీ కలిపి లోపలికి పంపింది. కూతురు పావుగంట గలగలా మాట్లాడింది. ఆమె మాటల మధ్యే ఇరవై కాస్తా పదిహేనుకు దిగింది. తరవాత పక్కకు జరిగి, "ఊఁ, నీ వంతు" అంది.

షాపులో రోజుకు నలభై మందితో బేరాలాడే మనిషి ముందు భార్య దుప్పటి అంచు సర్దాడు. చివరికి మంచం ఊచ పట్టుకుని వంగాడు.

"ఇదిగో, నేనే. పాలు మూడుసార్లు పొంగబెట్టాను. పొయ్యి ఏ వైపు తిప్పితే ఆరుతుందో ఇన్నేళ్ళకి తెలిసింది. పడక మీద నీ వైపు అలాగే వదిలేసి పడుకుంటున్నా. ఇంట్లో... ఇంట్లో ఎవరూ నన్ను తిట్టడం లేదే." ఊచ మీద పట్టు బిగించాడు. "బాలేదు. ఎవరైనా అడిగితే బాగానే ఉందంటున్నా గానీ, ఏం బాలేదు."

కూతురు చెయ్యి ఆయన వీపు మీదకు వచ్చింది. ఆయన తెర వైపు చూడబోయి మానుకున్నాడు.

"అంకె ఎంతుందో చూడవేం నాన్నా?"

"వద్దులే."

భార్య కళ్ళు తెరవలేదు. వేలు కదల్చలేదు. ఎప్పుడు తెరుస్తుందో డాక్టరు కూడా చెప్పలేదు. రేపు కూతురు వెళ్ళిపోతుంది, ఇల్లు ఇంకాస్త ఖాళీ అవుతుంది. ఇవన్నీ తీసేయగా ఆ పూట ఆయనకు మిగిలింది ఒక్కటి. రేపు పదింటికి భార్యకు చెప్పడానికి ఒక మాట ఉంది, దాని వెనక ఇంకొకటి ఉంది.