శిక్షకుడికి తెలియని జవాబు

రెండువేల పద్నాలుగు, ఆగస్టు పద్దెనిమిది. ఆ మధ్యాహ్నం గులూ బడిలో టీచర్లకు మలక్వాంగ్ పెట్టారు: వేరుశనగ ముద్ద కలిపిన పుల్లాకు కూర, పక్కన చిలగడదుంపలు. తేదీ, కూర రెండూ కొమకెచ్‌కు ఇప్పటికీ గుర్తే. పరువు పోయిన రోజు ఎవరు మరిచిపోతారు?

యుద్ధం చూసిన పిల్లల మనసు ఎలా కనిపెట్టుకోవాలో టీచర్లకు నేర్పడానికి అతను రాజధాని కంపాలా నుంచి దిగాడు. పుట్టింది గులూలోనే అయినా, పసివాడప్పుడే పిన్ని అతన్ని కంపాలాకు తీసుకుపోయింది. అందుకే యుద్ధం గురించి అతనికి తెలిసిందంతా పుస్తకాల్లోదే. భోజనాలయ్యాక అందరూ కునుకుతుంటే హుషారు కోసం ఆట పెట్టాడు. కాళ్ళకు బెలూన్లు కట్టించి, పక్కవాళ్ళవి తొక్కమన్నాడు.

మొదటి బెలూన్ ఢామ్మంది.

గదిలో నిలబడి ఉన్నది కొమకెచ్ ఒక్కడే. టీచర్లంతా బల్లల కింద ఉన్నారు. ఒక చేయి అతని ప్యాంటు పట్టి కిందికి లాగింది.

"వంగవయ్యా! చావాలనుందా?"

ఆమె లన్యెరో, మూడో తరగతి టీచరు. ఆ చేయి ఇంకా అతని ప్యాంటు వదల్లేదు. కాసేపటికి ఒకరి మొహం ఒకరు చూసుకుని అందరూ పగలబడి నవ్వారు.

"పొద్దుట్నుంచీ 'యుద్ధం చూసిన పిల్లలు' అంటుంటే తలుపు వైపే చూస్తున్నా సార్, ఎప్పుడొస్తారా అని. ఆ పిల్లలం మేమేనని ఇప్పుడైనా తెలిసిందా?" అంది లన్యెరో.

"తప్పయింది, టీచర్."

"ఇది ఎన్నో పాఠం?"

"పాఠం కాదు. నా తెలివితక్కువతనం."

"అబ్బో! కంపాలా వాళ్ళు తప్పు ఒప్పుకుంటారా? మాకెవరూ చెప్పలేదే!"

ఆమె నవ్వుకు అతను పడిపోయాడు. అప్పటికే నేల మీద ఉన్నాడు గనుక దెబ్బ తగల్లేదు.

ఆ తర్వాత ప్రతి సెలవులకూ గులూ టీచర్లకు ఏదో ఒక శిక్షణ అవసరమైంది. చివరికి లన్యెరోకే విసుగొచ్చింది.

"ఇంకెన్నాళ్ళు నేర్పుతావు? మా అమ్మ దగ్గరికి రా. ఆమె కాదంటే మాత్రం కాదు. నన్ను చేసుకుంటామని వచ్చిన ఇద్దర్ని తిప్పి పంపింది."

ఓ సాయంత్రం అరుగు మీద ఆమె తల్లి అతన్ని ఒక్కటే అడిగింది.

"నా కూతురు నిద్రలో అరుస్తుంది బాబూ. నువ్వేం చేస్తావు?"

కొమకెచ్ గొంతు సవరించుకున్నాడు. "నిపుణులు ఏమంటారంటే అమ్మా..."

లన్యెరో తల పట్టుకుంది. అతను ఆగిపోయాడు.

"తెలియదమ్మా. ఏం చేయమంటావని ఆమెనే అడుగుతాను. చెప్పాలనిపించకపోతే ఊరికే పక్కన కూర్చుంటాను."

"మొదటివాడు మందు తెస్తానన్నాడు. రెండోవాడు పాస్టర్‌ని తెస్తానన్నాడు." ముసలామె మోకాలి మీద చేయి ఊని లేచింది. "ఇతగాడికి ఏమీ తెలియదట! చదువుకున్నవాడి నోట ఆ మాట వినకుండానే పోతాననుకున్నాను. మీ పెద్దవాళ్ళని తీసుకురా నాయనా."

ఇద్దరినీ అరుగు మీదే వదిలి లోపలికి వెళ్ళి, చప్పుడు కాకుండా తలుపు మూసుకుంది.