దిష్టి తీసిన ఉప్పు

మిషిగన్‌లో జనవరి అంటే సాయంత్రం ఐదున్నరకే చీకటి. నోవైలో మా అక్క కూతురు నమ్రత ఇంటి వెనక చెరువు గడ్డకట్టి, తెల్లగా, చప్పుడు లేకుండా పడుంటుంది. నమ్రత రెండేళ్ళ పాప ఇషానిని చూసుకోవడానికి వచ్చాను.

నమ్రత కెనడా వెళ్ళి ఒక నల్లరాతి బొమ్మ కొనుక్కొచ్చింది. జుట్టు విరబోసుకున్న ఆడమనిషి. వీపున ఖాళీ సంచీ.

"అక్కడి మంచు ప్రాంతాల ఆదివాసులు, ఇన్యూట్ వాళ్ళ ఆర్ట్ పిన్నీ. కల్లుపిల్లుక్ అంటారు. మంచు కింద నీళ్ళలో ఉంటుందట, దగ్గరికొస్తే అగ్గిపుల్ల కాలిన వాసనట. పిల్లల్ని ఆ సంచీలో వేసుకుపోతుందట."

"పసిపిల్ల ఉన్న ఇంట్లో ఇదెందుకే?"

"అబ్బా, షెల్ఫ్ దిగి వస్తుందా ఏంటి!"

తర్వాత మూడు రోజులు ఇషాని ఒకటే ఏడుపు. డాక్టరు ఏమీ లేదన్నాడు. పాప బుగ్గన కాటుక చుక్క పెట్టి, ఉప్పు మూడుసార్లు తిప్పాను. పొయ్యి మీద వేద్దామంటే ఫైర్ అలారం మోగుతుంది. ఒకసారి ఫైరింజనే వచ్చింది. ఎంగిలి గిన్నెలు కడిగే సింక్‌లో వేయబుద్ధి కాలేదు. చెరువు మీద చేపలు పట్టేవాళ్ళు తొలిచిన కన్నం గుర్తొచ్చింది.

ఉప్పు పిడికిట్లో పట్టుకుని మంచు మీద నడిచాను. వెలుగు పోతోంది. కన్నంలో నీళ్ళు నల్లగా ఉన్నాయి.

"మా ఇషాని దిష్టంతా పోవాలి" అని వదిలాను.

అగ్గిపుల్ల కాలిన వాసన వచ్చింది.

నా కాళ్ళ కింద... టక్. టక్. టక్.

తర్వాత సన్నగా కూనిరాగం... జోల పాడుతున్నట్టు. పరిగెత్తాను. మంచు కింద ఆ రాగం కూడా కదిలింది. నాకంటే ముందు... ఇంటి వైపు...

ఇంట్లో ఏడుపు లేదు.

"నీ దిష్టి భలే పనిచేసింది పిన్నీ!" నమ్రత గుసగుసగా అంది. "పడుకుంది, లేపకు."

పాప ఒంటి మీద చెయ్యి వేశాను. మంచుగడ్డ. జుట్టు తడి. కళ్ళు తెరిచే ఉన్నాయి.

బుగ్గన చుక్క లేదు.

అప్పట్నుంచి ఏడవలేదు. నవ్వలేదు. ఎంత బుద్ధిమంతురాలైందో అని నమ్రత మురిసిపోతోంది. చీకటి పడితే చెరువులోంచి ఇషాని ఏడుపు నాకొక్కదానికే వినిపిస్తుంది. నేను చేసిన పని నా నోటితో ఎలా చెప్పను?

కన్నం మూసుకుపోయింది. నిన్న పార తీసుకెళ్ళి గంటసేపు కొట్టాను. గీత కూడా పడలేదు.

"పిన్నీ, నైబర్స్ చూస్తున్నారు. లోపలికి రా" అని నమ్రత చెయ్యి పట్టుకుని లాక్కొచ్చింది.

ఇవాళ బొమ్మ మీద దుమ్ము తుడుస్తుంటే సంచీలో ఏదో తగిలింది. బొటనవేలంత రాతి తల... దాని బుగ్గ తాకాను.

వెచ్చగా ఉంది.

వేలికి కాటుక అంటింది.