పదిహేను సెకండ్ల నాడి

దేవరకొండలో మాది రెండు గదుల ఇల్లు. ముందు గదిలో అవ్వ మంచం, గోడకవతల గుంట మగ్గం. తాత వెంకటనర్సు పోయాక దాని మీద బాపు నేస్తున్నాడు. పుట్టినప్పటి నుంచి వింటున్న చప్పుడు కాబట్టి అది మా చెవికి ఆనదు.

అవ్వ లీలమ్మకు రోజూ ఒక గుండె గోళీ, నాడి వేగం తగ్గించేది. ఆమె నాడి ఒక వరసన కొట్టుకోదు. అందుకే వేసే ముందు నిండు నిమిషం లెక్కపెట్టాలనీ, అరవైకి తగ్గితే వేయకుండా ఫోన్ చేయాలనీ దవాఖానలో గట్టిగా చెప్పారు. నేను పదిహేను సెకండ్లు చూసి నాలుగుతో హెచ్చవేసేదాన్ని. నా బిడ్డకు పానం కూడా ఎక్కాల పుస్తకమేనని బాపు ఎగతాళి చేసేవాడు.

ఆ రోజు నాలుగింటికే మబ్బు కమ్మింది. కరెంటు పోయింది. అవ్వ పొద్దటి నుంచి అన్నం ముట్టలేదు. కడుపులో తిప్పుతోందని, అన్నీ పసుపు పూసినట్టు కనిపిస్తున్నాయని గొణిగింది. వయసు అనుకున్నాను. మణికట్టు పట్టుకున్నాను. పద్దెనిమిది. నాలుగుతో హెచ్చిస్తే డెబ్బై రెండు. ఎన్నడూ లేనిది, ఒక్క దెబ్బ తప్పలేదు. సంతోషంగా గోళీ మింగించాను.

అప్పుడే వీధి తలుపు తోసుకొని బాపు వచ్చాడు. నిలువునా తడిసి ఉన్నాడు. పొద్దున సంతకు పోయిన మనిషి.

గోడకవతల మగ్గం ఆడుతూనే ఉంది.

టక్... టక్...

మంచం కోడు గోడకు ఆని ఉంది. ఆ దెబ్బ కోడులోంచి, అవ్వ చేతిలోంచి, నా వేళ్లలోకి వస్తోంది. నేను లెక్కపెట్టింది...

మంచం ఇవతలకు లాగాను. మళ్లీ పట్టుకున్నాను. నిండు నిమిషం.

ముప్పై ఎనిమిది.

"శ్రీలతా... గోళీ ఏసినవా?" బాపు గుసగుసగా అడిగాడు.

తల ఊపాను. మగ్గం ఆగింది.

బాపు లోపలి తలుపు తీశాడు. నేసే మనిషి కూర్చునే గుంటలో ఎవరూ లేరు. నిన్ననే చీర కోసి దించిన మగ్గం అది. మీద పడుగు నూలు కూడా లేదు.

ఆటోలో దవాఖానకు తీసుకుపోయాం. అన్నీ పసుపుగా కనిపించడం ఆ మందు ఒంట్లో ఎక్కువైన గుర్తేనని, మింగిన గోళీని వెనక్కి తీయలేమని, రాత్రి గడవాలని డాక్టరమ్మ చెప్పింది. ఛాతీకి గుండె మిషన్ తీగలు తగిలించింది. అవ్వ కళ్లు తెరిచింది. చూపు నా మీద లేదు.

"మీ తాత నాకు తెల్లబట్ట నేస్తున్నడే... ఇంక మూరెడే ఉన్నదట."

చెయ్యి అందుకున్నాను. నేను నాడి చూసిన చోటే తెల్లటి నూలుపోగు చుట్టి ఉంది. ముడి దగ్గర గంజి ఇంకా తడిగానే ఉంది.