మూసేముందు తట్టాలి

దగ్గరికి రండి, ఇంకాస్త దగ్గరికి. గోడకి ఆనుకున్నవాళ్ళూ ముందుకు జరగండి. ఈ కథ విన్నాక ఎలాగూ ఆ గోడకి ఆనుకోరు. దేవుడి మీద భారం వేసి మొదలుపెడుతున్నాను.

ఒక ఊళ్ళో ఫ్యాక్టరీలన్నీ మూతపడ్డాయి. పొగగొట్టాలు కూల్చేశాక ఊరి పెద్దలకి వాటి మీద ప్రేమ పుట్టుకొచ్చింది. ఊరిని నిలబెట్టిన కార్మికుడికి మూడంతస్తుల ఎత్తు ఉక్కు విగ్రహం పెట్టాలన్నారు. పాత ఫ్యాక్టరీల ఇనుమంతా పోగేశారు. బొమ్మ గీసింది శిల్పి, అతికించింది వెల్డింగు మేస్త్రీ. ఆ మేస్త్రీ కథే ఇది.

విగ్రహం షెడ్డులో వెల్లకిలా పడుకుని ఉంది. లోపలంతా డొల్ల. మర్నాడు క్రేను వచ్చి లేపుతుంది. చంక కింద మనిషి దూరేంత కంత ఒక్కటే మిగిలింది.

"పొద్దు గూకేలోగా అది మూసెయ్ మేస్త్రీ," అని శిల్పి వెళ్ళిపోయాడు. కూలీలూ వెళ్ళిపోయారు. షెడ్డు ముందు టీ బండి నడిపే మేస్త్రీ చెల్లెలు మాత్రం ఫ్లాస్కు పట్టుకుని వచ్చింది.

"ఏం అన్నయ్యా, ఛాతీ ఇంత పెట్టారు, పొట్ట వీపుకి అంటుకుపోయిందేం?"

"కార్మికుడే కదమ్మా."

నవ్వుతూ ఆ ఛాతీ మీద చెయ్యి వేసింది. నవ్వు ఆగిపోయింది. "ఇది ఆ బాయిలరు రేకేనా?"

"ఆ..."

ఆ బాయిలరు సంగతి చెప్పాలి. వెనకటికి ఆ పనివాళ్ళకి ఒక పద్ధతి ఉండేది. మూత బిగించేవాడు తన చేత్తో తట్టాలి. లోపల ఎవరైనా ఉంటే తిరిగి తడతారు. ఆ జవాబు కోసం ఆగాలి. దేవుడికి దణ్ణం పెట్టుకున్నంత నిష్ఠగా చేసేవారు. ఒక్కొక్కరి తట్టు ఒక్కో తీరు. చెల్లెలి మొగుడిది, రెండు కలిపి, కాస్త ఆగి ఇంకొకటి.

పెళ్ళైన కొత్తలో ఆయన బాయిలరు లోపల పట్టిన గార గోకడానికి దిగాడు. మూత బిగించింది మేస్త్రీ. మొదటి ఆట సినిమాకి వేళ మించిపోతోంది. బావ ఎప్పుడో పైకొచ్చేసి ఉంటాడనుకున్నాడు. తట్టలేదు.

తెల్లారి మూత తీస్తే... బావ ప్రాణం పోయి ఉంది. తట్టీ తట్టీ వేళ్ళ కణుపులు ఒలిచిపోయి ఉన్నాయి. చెల్లెలు చూడకుండా మేస్త్రీ తన తువ్వాలు ఆ చేతులకి చుట్టేశాడు. "తట్టాను. జవాబు రాలేదు," అన్నాడు. లోపలే సొమ్మసిల్లి ఉంటాడులే పాపం, అన్నారు అందరూ.

ఆనాటి నుంచి మేస్త్రీ ఏ మూత మీదా చెయ్యి వెయ్యలేదు. "నువ్వు తట్టరా," అని పక్కవాడికి పురమాయించేవాడు. ఇవాళ పక్కవాడు లేడు.

చెల్లెలు టీ అందిస్తూ అడిగింది. "తట్టావా అన్నయ్యా?"

రేకు కంతకి ఆనించి తట్టాడు. పైకప్పు రేకులు చల్లబడి చిటపటలాడాయి. తరవాత అంతా సద్దుమణిగింది.

"చూశావా, ఎవరూ లేరు..."

టక్ టక్... టక్.

రేకు చేతిలోంచి జారింది. టార్చి వేసి తల లోపలికి పెట్టాడు. ఖాళీ. ఇసుకతో రుద్ది అద్దంలా మెరిపించిన ఉక్కు. అయినా తడి తుప్పు వాసన... చెమట వాసన... ఆ మెరుపు మీద, వరసగా, కణుపులంత ఎర్రటి మరకలు. తడిగా.

"ఎవరున్నారు?" చెల్లెలు గుసగుసగా అడిగింది.

"ఎవరూ..."

టక్ టక్... టక్. ఈసారి చెవి పక్కనే.

మేస్త్రీ తల బయటికి లాక్కున్నాడు. "తట్టలేదే తల్లీ... ఆ రోజు నేను తట్టలేదు."

ఆవిడ ఏడవలేదు. "తెలుసు. నీ తువ్వాలు విప్పి చూశాను."

"మరి ఇన్నేళ్ళూ..."

"నువ్వే చెబుతావని చూశాను."

కంత దగ్గర వంగింది. "ఏవండీ... వచ్చెయ్యండి. ఇంటికెళదాం." పక్కకి తప్పుకుని దారిచ్చింది. చల్లగా ఏదో మేస్త్రీ చెంపని రాసుకుంటూ పోయింది.

"ఇప్పుడు తట్టు."

తట్టాడు. ఆగాడు. జవాబు లేదు. మూసేశాడు.

మర్నాడు విగ్రహం లేచి నిలబడింది. ఉపన్యాసాలయ్యాయి, చప్పట్లయ్యాయి. మేస్త్రీకి ఒక్క ముక్క వినపడలేదు. చెల్లెల్ని క్షమించమని అడగాలి. నిన్న ఆ మాటే నోట రాలేదు.

పొద్దు వాలుతుండగా ఆవిడ ఇంటికి వెళ్ళి తలుపు తట్టబోయాడు. వేళ్ళు చెక్కకి తగలక ముందే, లోపల్నుంచి...

టక్ టక్... టక్.

అప్పుడు చూశాడు. తలుపుకి బయట తాళం వేసి ఉంది.

వెనక మెట్ల మీద అడుగుల చప్పుడు. చెల్లెలు. చేతిలో తాళంచెవి.

"వచ్చావా?" అంది ప్రేమగానే. తాళం తీసి, పక్కకి తప్పుకుని దారిచ్చింది. "ముందు నువ్వెళ్ళు అన్నయ్యా. రాత్రంతా నిన్నే అడుగుతున్నారు."

అయ్యలారా, అమ్మలారా! ఆయన గడప దాటాడో లేదో నన్నడక్కండి. ఒక్క పని మాత్రం గుర్తుపెట్టుకోండి, మీరూ చెయ్యండి, మీ పిల్లల చేతా చేయించండి. దేన్ని మూసినా, మూసేముందు తట్టండి. తట్టి, ఆగండి. పైవాడు మనందర్నీ చల్లగా చూడాలి.

ఆ తలుపు దగ్గరున్న అయ్యా... వెళుతూ వెళుతూ దాన్ని మూసేముందు, ఒక్కసారి తట్టండి.