దొంతులవాగు కట్ట మీద ఏడుపు

చీకటి పడ్డాక దొంతులవాగు వరదకట్ట మీదికి ఒంటరిగా ఎవరూ పోరు. పోయినవాళ్లు మర్నాడు ఆ సంగతి నవ్వుతూ చెప్పరు.

అదేమంత పెద్ద కట్ట కాదు. ఏటా వాగు పొంగి ఊరి మీద పడుతుంటే, నీళ్లను ఆపడానికి పోసిన మట్టికట్ట. ఒక కొసన తారురోడ్డు. ఇంకో కొసన, కట్ట కిందుగా ఊరు. నడుమ ఒక వంపు. ఆ వంపు దగ్గరే... కట్ట పోసే రోజుల్లో మట్టిపెళ్ల విరిగిపడి ఒక కూలి ఆడమనిషి చచ్చిపోయింది. ఎక్కడి నుంచి వచ్చిందో, పేరేమిటో కూడా ఎవరికీ గుర్తులేదు. వాన పడే రాత్రుల్లో ఆమె వంపు దగ్గర సన్నగా ఏడుస్తుందనీ, ఒక్కోసారి ఊళ్లోకి వచ్చి తెలిసినవాళ్ల గొంతుతో పేరుపెట్టి పిలుస్తుందనీ, పలికితే ఇక అంతేననీ చెప్పుకుంటారు.

అందుకే ఊళ్లో ఒక పద్ధతి పుట్టింది. రాత్రిపూట వంపు దాటేవాళ్లు పిడికెడు బియ్యం కిందికి విసిరేసి, అటు చూడకుండా నడవాలి. ఏళ్ల తరబడి అందరూ విసిరారు. ఒక్కరూ చూడలేదు.

పరశురాంకి అది అత్తగారి ఊరు. అబిడ్స్‌లో బ్యాగుల దుకాణంలో పని. బేరానికి దిగితే, కొనడానికొచ్చిన ఎంతటి గిరాకీ నోరైనా మూయిస్తాడు. దెయ్యం అంటే మాత్రం, నాంపల్లిలో తాను కిరాయికున్న గదిలో లైటార్పి పడుకోడు. అంతటి ధైర్యవంతుడు! ఆ ఆదివారం మధ్యాహ్నం భార్య జమునను, కూతురు సంహితను ఊరి బస్సెక్కించాడు. మర్నాడు బామ్మర్ది బాలమల్లు కొడుక్కి పుట్టువెంట్రుకలు.

పొద్దుగూకే వేళకు వాన దంచికొట్టింది. పేవ్‌మెంట్ మీద పుస్తకాలమ్మేవాళ్లు ప్లాస్టిక్ కవర్లు కప్పి, దొరికిన చూరు కిందికి ఉరికారు. దుకాణం గుమ్మంలో నిలబడ్డ పరశురాం ఫోన్ మోగింది.

"బస్సు దిగినం. ఊరిబాట నీళ్లల్ల మునిగింది. కట్ట మీదికెళ్లి పోతున్నం." జమున గొంతు.

పరశురాం ఫోన్ చెవికి నొక్కుకున్నాడు. "చీకటైంది గదనే! స్టేజీ కాడనే ఉండు. బాలమల్లును రమ్మంట."

"వాడొస్తడా? వాడు నీకన్న పిరికోడు. ఊకో, సగం దూరమొచ్చినం."

"బియ్యమున్నయా?"

"యాడియి? నాంపల్లిల కొన్న ఉస్మానియా బిస్కెట్లున్నయి."

"అవే ఎయ్యి! జర జల్ది. అటు చూడకు."

జమున నవ్వింది. ఆ నవ్వు సగంలోనే ఆగిపోయింది.

ఫోన్లో వాన చప్పుడు. దాని కింద... ఇంకో చప్పుడు. సన్నగా, సాగదీసి... ఎవరో ముక్కుతో ఏడుస్తున్నట్టు.

ఎదురుగా బస్సులు, ఆటోలు, తడుస్తూ పరుగెత్తే జనం. అంత మంది మధ్య నిలబడి కూడా పరశురాం దుకాణం లైటు కిందికి జరిగాడు.

"ఇంటున్నవా?" జమున గుసగుసలాడింది.

"ఇంటున్న. ఏసినవా?"

"ఏసిన."

ఏడుపు ఆగలేదు. ఇంతలో — కర కర... కర కర...

"అమ్మా," సంహిత గొంతు. "ఎవరో తింటున్నరు."

"చూడకు జమునా! బిడ్డ కండ్లు మూయి! నా మీద ఒట్టు—"

ఫోన్ ఆమె చెవి దగ్గర్నుంచి జరిగిన చప్పుడు. జమున ఫోన్ లైటు వేసి కిందికి చూస్తోందని పరశురాంకి అర్థమైంది. ఒట్టు పెట్టిన మొగుడి మాట విన్న రోజు ఒక్కటీ లేదు ఆ మనిషికి!

"పందికొక్కులయ్యా!" ఒక్కసారిగా అరిచింది. "మంద ఉన్నది! కట్టకు నిండ బొక్కలే!"

పరశురాం పగలబడి నవ్వాడు. ప్రాణం లేచొచ్చింది. దెయ్యం పేరు చెప్పి ఇన్నేళ్లూ పందికొక్కులు బియ్యం మేశాయన్నమాట! గొడుగు మడుస్తున్న గిరాకీ ఒకాయన అతన్ని వింతగా చూశాడు.

"మరి ఏడుపో?" నవ్వాపుకుంటూ అడిగాడు.

జమున బురదలో రెండడుగులు కిందికి దిగిన చప్పుడు వినిపించింది.

"అది నీళ్ల చప్పుడు... బొక్కల్లకెల్లి కారుతున్నయి." జమున అంది. "తేట నీళ్లు గాదు. ఎర్రగున్నయి. లోపటి మన్ను కరిగి వస్తున్నదయ్యా."

పెళ్లికి ముందు జమున ఆ కట్ట మరమ్మతులకు మట్టితట్టలు మోసింది. కట్ట మట్టి సంగతి ఆమెకు తెలుసు. పందికొక్కులు కట్టను లోపలంతా తొలిచేశాయి. వాటిని మేపింది ఊరే. ఇప్పుడు కట్ట తెగితే కింద ఊరు ఊరంతా...

"జమునా, ఎన్కకు—"

"కట్ట కుంగుతున్నదయ్యా! ఉరుకుతున్న—"

ఫోన్ తెగిపోయింది. ఎన్నిసార్లు చేసినా స్విచాఫ్.

బాలమల్లుకు కలిపాడు. నాలుగోసారి, చాలాసేపు మోగాక ఎత్తాడు.

"బావా... మెల్లగ మాట్లాడు." ఊపిరితో చెప్తున్నట్టుంది.

"అరే, కట్ట తెగుతున్నది! అందర్ని లేపు! బడి గుట్ట మీదికి తోలు!"

"బావా, అది ఇయ్యాల ఊర్లకొచ్చింది." బాలమల్లు పళ్లు టకటకలాడుతున్నాయి. "తలుపు కొడుతున్నది. 'లే బాలమల్లూ, నీళ్లొస్తున్నయి' అంటున్నది. అచ్చం అక్క గొంతే. వాడకట్టంతా తలుపులేసుకున్నది. అమ్మ నా నోరు మూసింది."

"అది మీ అక్కనేరా! తలుపు తియ్యి!"

గడియ కదిలిన చప్పుడు అంతలోనే ఆగింది.

"...నువ్వు బావవేనా?"

పరశురాంకి ఏడుపొచ్చింది. వానలో భార్య అరిచి అరిచి అలిసిపోతుంటే, ఆమె గొంతు విని తోడబుట్టినవాడే గడియ వేసుకున్నాడు! ఏం చెప్పి నమ్మించాలి? ఆలోచించే టైము లేదు. నడిరోడ్డు మీదికి ఉరికి ఫోన్ పైకెత్తాడు. సిటీ బస్సు కీచుమంటూ ఆగి హారన్ కొట్టింది. వెనక ఆటోలన్నీ అందుకున్నాయి. "మర్నా హై క్యా బే!" చావాలనుందా అని ఒక డ్రైవర్ తల బయటపెట్టి హిందీలో అరిచాడు.

"ఇన్నవారా? ఏ దెయ్యమన్న అబిడ్స్ చౌరస్తాల నిలవడి తిట్లు తింటదా? అది నా పెండ్లామే! తియ్యిరా!"

గడియ తీసిన చప్పుడు వినిపించింది.

"వాకిట్ల ఎవలు లేరు బావా..."

"పక్కింటికి పోయుంటది! ఉరుకు!"

ఆ తర్వాత దుకాణం మెట్ల మీద తడిసి ముద్దై కూర్చున్నాడు పరశురాం. చేతిలో ఫోన్ మళ్లీ మోగినప్పుడు ఉలిక్కిపడ్డాడు.

"అందరం గుట్ట మీదున్నం బావా. పసిపోరలు, ముసలోళ్లు, అందరు." బాలమల్లు ఏడుస్తున్నాడు. "గిప్పుడే గండిపడ్డది. ఇండ్లన్ని మునిగినయి. నువ్వు జెప్పకుంటే..."

"మీ అక్కేది?"

"గీడ లేదు. అందరికి పిలుపు ఇనొచ్చింది బావా... ఎవలకు కనవడలే."

ఊరందరినీ లేపి, బిడ్డతో సహా జమున నీళ్లలో కలిసిపోయిందా? మధ్యాహ్నం బస్సు కిటికీలోంచి చెయ్యూపిన సంహిత గుర్తొచ్చి, పరశురాం జనం చూస్తున్నారని కూడా లేకుండా గుండెలు బాదుకుని ఏడ్చాడు.

ఫోన్ మోగింది. తెలియని నంబరు.

"నేనయ్యా. నాది చార్జింగు అయిపోయింది. ఇది కండక్టర్ ఫోను."

"జమునా! యాడున్నవే? బిడ్డేది?"

"బిడ్డ నా ఒళ్లెనే ఉన్నది. రోడ్డు మీద, వానకు ఆగిన బస్సుల కూసున్నం."

పరశురాం ఏడుస్తూనే నవ్వాడు. "నీకు దండం పెడత తల్లీ. ఇంటింటికి తిరిగి అందర్ని బతికించినవు!"

"నేనెప్పుడు తిరిగిన?" జమున మెల్లగా అంది. "నా ముంగటనే కట్ట కుంగింది. బిడ్డనెత్తుకోని ఎన్కకు రోడ్డుకే ఉరికిన. ఊర్లకు పోనేలేదయ్యా... మావోళ్లను ఎవలు లేపిన్రు?"