ఇనుము నమిలేవాడు

స్విచ్ ఆపేశాక కూడా ఇంజన్ ఆగలేదు.

పిడుగు చెయ్యి ఇంకా స్విచ్ మీదే ఉంది. మధ్యాహ్నం రెండు గంటలు. బయట ఆకు కూడా కదలడం లేదు. రేకుల షెడ్డులో మాత్రం ఆ పాత నీళ్ల ఇంజన్ దగ్గింది, ఆగినట్టే ఆగి మళ్లీ లేచింది. సన్నగా ఈల వేసింది. ఆ ఈల పైకి పోయింది, కిందికి దిగింది, మళ్లీ పైకి పోయింది. ఎవరో పడుకుని ఊపిరి తీస్తున్నట్టు ఉంది. చివరికి ఒక్కసారి ఒళ్లు విదిల్చుకుని ఆగిపోయింది.

"విన్నావా అక్కా," అన్నాడు బుడ్డోడు. వాడు లోపలికి రాలేదు. గుమ్మానికి పది అడుగుల దూరంలో ఖాళీ బకెట్ పట్టుకుని నిలబడ్డాడు. "ఆయన లేచాడు."

పిడుగుకి పదకొండేళ్లు, బుడ్డోడికి ఆరు. దేనికీ జంకని పిల్ల కాబట్టే ఇంట్లో ఆమెకి ఆ పేరు పెట్టారు. అలాంటి పిల్ల పట్టపగలు రెండడుగులు వెనక్కి వేసింది. విచిత్రం ఏమిటంటే, ఆ "ఆయన్ని" పుట్టించింది ఆమే.

నాలుగు రోజుల క్రితం ఇంజన్‌కి కార్బురేటర్ వదులైంది. గాలినీ పెట్రోలునీ సరిపాళ్లలో కలిపి ఇంజన్‌కి అందించే భాగం అది. పిడికిలి కంటే కాస్త పెద్దగా ఉంటుంది. దానికి రెండు పక్కలా రెండు చెవులు, చెవికో బోల్టు. అది టకటకా ఊగుతుంటే అమ్మ అత్తకి ఫోన్ చేసింది. అత్త అంటే నాన్నకి అక్క. చుట్టుపక్కల ఇంజన్లన్నీ బాగుచేసేది ఆవిడే. "ఎవరూ చెయ్యి పెట్టకండి. నాలుగు రోజుల్లో వస్తా," అంది అత్త.

చెయ్యి పెట్టొద్దంటే ఊరుకునే రకమా మన పిడుగు? ఆ సాయంత్రమే స్పానర్ తీసింది. బలం చాలక స్పానర్ చివర ఇనుప పైపు తొడిగింది. ఒక బోల్టుని ఇక కదలనంత వరకు బిగించి, ఆ తర్వాత రెండోదాన్ని పట్టింది. లోపల ఎక్కడో కిర్రుమంది. అప్పుడే గుమ్మం బయటినుంచి బుడ్డోడి గొంతు వినిపించింది.

"ఏంటక్కా ఆ చప్పుడు?"

వాడి నోట్లో నువ్వుగింజ నానదు. చూశాడంటే అమ్మకి చెప్పేస్తాడు. అందుకని పిడుగు నోటికొచ్చింది అనేసింది.

"లోపలికి రాకు. ఇంజన్ వెనక ఒకాయన ఉన్నాడు. ఇనుము నములుతున్నాడు."

బుడ్డోడు ఒకటే పరుగు. పీడా పోయిందనుకుంది పిడుగు. కానీ మర్నాటి నుంచే ఇంజన్ ఈల వేయడం మొదలుపెట్టింది. నీళ్లు కాసేపు వస్తే కాసేపు రావు. చేలో క్యాబేజీ మొక్కలు తలలు వాల్చేశాయి. బుడ్డోడు షెడ్డు వైపు కిటికీకి గడియ పెట్టాడు. తింటూ తింటూ వెనక్కి చూస్తున్నాడు. వాడికున్న ఒకే ఒక్క ఇనుప కారుని తీసుకెళ్లి షెడ్డు గుమ్మంలో పెట్టి వచ్చాడు.

"ఇది నములుతుంటే మన జోలికి రాడు కదక్కా," అన్నాడు.

మర్నాడు చూస్తే కారు లేదు.

పిడుగు తీయలేదు. అమ్మా తీయలేదు. మరి ఎవరు తీశారు? ఆ రోజు నుంచి పిడుగు కూడా షెడ్డులో ఇంజన్ వెనక్కి చూడటం మానేసింది. తాను అల్లిన అబద్ధానికి తానే భయపడింది, పాపం.

ఈ మధ్యాహ్నం ఇంజన్ అలా ఆగిన కాసేపటికే అత్త పనిముట్ల పెట్టెతో వచ్చింది. ఇంజన్ మళ్లీ నడిపించి, తల వంచి ఈల విన్నది. తర్వాత జేబులోంచి తెల్ల దారం తీసి కొసని కార్బురేటర్ ఇంజన్‌కి అతికే చోట పెట్టింది. దారం వణికింది. ఎవరో లోపలినుంచి పీల్చినట్టు ఆ అతుకు సందుకి అతుక్కుపోయింది.

"తింటున్నాడు," అన్నాడు బుడ్డోడు బయటినుంచి, ఏడుపు గొంతుతో.

అత్త ఇంజన్ ఆపింది. అది చల్లారాక పెట్రోలు కట్టేసి కార్బురేటర్ విప్పింది. ఇంజన్‌కి ఆనుకునే దాని ముఖం మీద స్టీలు స్కేలు నిలబెట్టి వెలుతురుకి ఎత్తి పట్టింది. స్కేలు కింద సన్నటి వెలుగు గీత కనిపించింది.

"వంగిపోయింది. ఈ సందులోంచి లోపలికి దొంగగాలి పోతోంది. ఆ ఈల అదే. గాలి ఎక్కువై ఇంజన్ వేడెక్కిపోతోంది, అందుకే స్విచ్ ఆపినా ఆగడం లేదు," అంది అత్త. ఆ ముఖానికి నల్ల ఇంకు పూసింది. అద్దం ముక్క మీద గరుకు కాగితం పరిచి, దానిమీద నాలుగుసార్లు రుద్ది చూపించింది. చెవుల దగ్గర ఇంకు పోయింది, నడుమ అలాగే ఉంది. "ఇది మెత్తటి లోహం. పైపు వేసి బిగిస్తే చెవులు వంగవా మరి? ఎవరు బిగించారు?"

"నాకు తెలీదు వదినా," అంది అమ్మ.

పిడుగు తేలు కుట్టిన దొంగలా నిలబడింది.

"ఆయనే అత్తా. ఇంజన్ వెనకాయన," అన్నాడు బుడ్డోడు. "అక్క చూసింది. నా కారు కూడా తినేశాడు. రేపు ఇంకేం తింటాడో."

వాడు బకెట్‌ని రెండు చేతులా గుండెకి హత్తుకున్నాడు.

అత్త పిడుగు జడల వంక చూసింది. ఒక జడ కొసకి నల్లటి గ్రీజు అంటి ఉంది.

"ఎలా ఉంటాడే ఆయన?" అని నెమ్మదిగా అడిగింది.

పొడుగ్గా ఉంటాడని చెప్పొచ్చు. ఇనుప పళ్లని చెప్పొచ్చు. పిడుగుకి అలాంటివి బోలెడు వచ్చు. కానీ బుడ్డోడు ఆ జవాబు కోసం ఊపిరి బిగపట్టి చూస్తున్నాడు. పిడుగుకి చాలా సిగ్గేసింది.

"రెండు జడలు వేసుకుంటాడు అత్తా," అంది. "అది నేనే."

అత్త గరుకు కాగితం ముందుకి జరిపింది.

"అయితే ఆ రెండు జడలాయనే కూర్చుని రుద్దాలి. ఇంకు మొత్తం పోయేదాకా."

గంట పట్టింది. వేళ్లు మండాయి. ఇంకు నడుమ కూడా పోయి ముఖమంతా ఒకే తీరుగా మెరిసింది. తుడిచి స్కేలు పెడితే ఇప్పుడు వెలుగు రాలేదు.

పిడుగు బయటికి వెళ్లి తమ్ముడి ముందు కూర్చుంది.

"అబద్ధం చెప్పాన్రా. లోపల ఎవరూ లేరు."

"మరి నా కారు?"

పిడుగు టార్చి తీసుకుంది. వాడి చెయ్యి పట్టుకుంది. ఇద్దరూ కలిసి ఇంజన్ వెనక్కి వెళ్లారు. అక్కడ చీకటి, నూనె వాసన. గోడ మూలలో ఏదో మెరిసింది.

కారు. నేల అటువైపు వాలుగా ఉంది. ఇంజన్ అదురుకి అది దొర్లుకుంటూ అక్కడిదాకా వచ్చేసింది.

అత్త అతుకు మధ్య సందు మూసే కొత్త ప్యాకింగ్ వేసి కార్బురేటర్ ఎక్కించింది. పిడుగు స్పానర్‌ని బుడ్డోడి చేతికిచ్చి, పైన తన చెయ్యి వేసింది. ఈ బోల్టు కొంచెం, ఆ బోల్టు కొంచెం. ఇనుప పైపు గోడకి ఆనించినట్టే ఉండిపోయింది.

"ఇంకొంచెం బిగిద్దామా అక్కా?"

"వద్దు. చాలు."

ఇంజన్ ఒకే గొంతుతో నడిచింది. కాలువలోకి నీళ్లు దూకాయి. పొద్దువాలే వేళకి క్యాబేజీ మళ్లన్నీ తడిశాక పిడుగు స్విచ్ ఆపింది. ఇంజన్ వెంటనే ఆగిపోయింది. ఇద్దరూ చెవులు రిక్కించి చాలాసేపు విన్నారు. ఏమీ లేదు.

వెళ్లేటప్పుడు బుడ్డోడు కారుని గుమ్మంలో పెట్టలేదు. జేబులో వేసుకున్నాడు.